నూనె తాగిన పడవ ముక్కు

గురువారం తెల్లవారి ఐదున్నరకు బయల్దేరాల్సిన తిరుపతి బస్సు చిత్తూరు బస్టాండులో ఐదు యాభైకి కదిలింది. ముసలోళ్ల రాయితీ అడిగితే కండక్టరు ఆధార్ కార్డు అన్నాడు. జిరాక్సు చూపిస్తే చెల్లదన్నాడు.

"నా తల చూసినాక కూడా కాయితం కావల్నా అబ్బా?"

"తల నెరిసినోళ్లకంతా ఇస్తా పోతే మొదట నేనే తీసుకోవాల" అని టోపీ ఎత్తి చూపించినాడు. బస్సంతా నవ్వినారు. పూర్తి టికెట్టే కొన్నాను. మీరు పోయేటప్పుడు అసలు కార్డు పెట్టుకోండి.

నేను పోయింది పులికాట్ సరస్సు ఒడ్డుకు, మునిశేఖర్ పడవ కోసం. చిత్తూరులో నలభై ఏళ్లు గాజుపీచు, జిగురు కలిపి చేసే ఫైబర్ పని చేసినాను: నీళ్ల తొట్లు, లారీ క్యాబిన్లు, ఊరేగింపు వాహనాలు. ఎవరూ నేర్పలేదు. నిఘంటువు పక్కన పెట్టుకుని సరుకు డబ్బా మీది ఇంగ్లీషు కూడబలుక్కున్నాను. ఇప్పుడు డిగ్రీలు చదివినోళ్లు కూడా డబ్బా మీద ధర తప్ప ఇంకేమీ చదవరు. మునిశేఖర్ ఒకప్పుడు నా దగ్గర పనికి చేరి, గాజుపీచు దురదకు తాళలేక వారానికే పారిపోయినోడు. ఇన్నాళ్లకు ఫోన్ చేసినాడు.

"మేస్త్రీ, పడవ ముక్కు కాడ వేసిన అతుకు మళ్లా లేసిపోయినాది. ఇది మూడోసారి. ఆదివారం నా వంతు."

ఆ సరస్సులో చేపలు బాగా పడే చోట్లకు వంతులు ఉంటాయి. ఆ రోజు పడవ నీళ్లలో లేకపోతే వంతు పోయినట్టే. మళ్లీ చుట్టు తిరిగి వచ్చేదాకా నోరు కట్టుకోవాలి.

ఎనిమిదికి తిరుపతి. బస్టాండు ఎదురుగా నాలుగు ఇడ్లీలు తిని, తొమ్మిదికి శ్రీకాళహస్తి మీదుగా తడ పోయే బస్సు ఎక్కినాను. సంచిలో గరుకు కాయితాలు, ముక్కుకు కట్టుకునే గుడ్డలు, పాత బ్రష్షులు. రెజిన్ జిగురు, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ మాత్రం బస్సులో తేకండి, నిప్పంటుకునే సరుకు. పక్కన శ్రీ సిటీ ఫ్యాక్టరీ చీటీ మెడలో వేసుకున్న ఆడమనిషి ముక్కు మూసుకుంది.

"ఏంది తాతా ఆ కంపు?"

పాత బ్రష్షుల కంపని, నా పని ఇదని చెప్పినాను. ఆమె నవ్వింది. "రంగు వేసేముందు రేకు తుడిసేది నా పని. దినమంతా తుడస్తా. పేరు మాత్రం రంగుకు."

ఊఁ కొట్టి కునుకు తీసినాను. వినాల్సిన మాట అదేనని అప్పుడు తెలీదు.

పదకొండున్నరకు తడలో దిగి, షేర్ ఆటోలో ఒడ్డు చేరినాను. పడవ బోర్లా పడి ఉంది. ముక్కు దగ్గర అతుకు అప్పడంలా లేచింది. పక్కన రెండు డబ్బాలు.

"మామూలు రెజిన్‌తో లాభంల్యా, ఎపాక్సీ కొనమన్నాడు షాపాయన. ఏది పూసేది మేస్త్రీ?"

ఎపాక్సీ ఖరీదైన రకం, పట్టు గట్టిదే, కాదనను. కానీ ఒకసారి అది పూస్తే దానిమీద మామూలు రెజిన్ సరిగా పట్టదు. జీవితాంతం ఆ ఖరీదుకే కట్టుబడాలి. పైగా ఇదే పడవకు నడుం దగ్గర మామూలు రెజిన్‌తో వేసిన అతుకు రాయిలా ఉంది. మరి ముక్కు దగ్గరే ఎందుకు లేస్తోంది? చెంబుతో నీళ్లు చల్లినాను. నడుం మీద నీళ్లు పలచగా పరుచుకున్నాయి. ముక్కు మీద చేమాకు మీద మాదిరి ముత్యాలై దొర్లినాయి.

"ఈడ నూనె ఎవురు పూసినారు?" అని అరిచినాను.

మునిశేఖర్ తల్లి కుప్పమ్మ ఇంట్లోంచి వచ్చింది. చేతిలో నూనెలో కలిపిన పసుపు గిన్నె. "నేనే. ప్రతి శుక్రవారం పూస్తా. అతుకు ఏసేముందు ఇంకో పిడికెడు ఎక్కువ పూస్తా, గట్టిగా నిలవాలని. ఏం?"

"నూనె మీద రెజిన్ అంటుతుందా అమ్మా? మూడుసార్లు పడిన కష్టం మట్టి చేసినావు!"

ఆమె తగ్గలేదు. "మా ఆయన చెక్క పడవ ముప్పై ఏండ్లు తేలింది ఈ నూనెతోనే. నీ ఫైబరు ముప్పై నెలలన్నా నిలిసిందా పెద్దాయనా?"

చిన్నప్పుడు నేనూ చూసినాను, నూనెలో గుగ్గిలం కాచి పడవ సందులకు పట్టించేవాళ్లు. చెక్కకు నూనె కూడు. ఫైబర్‌కు అదే విషం. ఆమె పని తప్పు కాదు. పడవ మారిందని ఆమెకు చెప్పినోడు లేడు.

ఆ సాయంత్రం ముందు నూనె జిడ్డు వదిలించే అసిటోన్‌తో తుడిచి, గుడ్డ మార్చి మళ్లీ తుడిచి, ఆ తర్వాతే గరుకు కాయితం పట్టినాము. ముందే రుద్దితే నూనె ఇంకా లోపలికి పోతుంది. నీళ్లు పరుచుకునేదాకా ఇదే పని. శుక్రవారం ఉదయం ఆరిన ముక్కు మీద, ఎండ ఎక్కకముందే, నీడ కట్టుకుని పని మొదలుపెట్టినాము. మామూలు రెజినే. కిలోకు పది మిల్లీలీటర్ల హార్డెనర్, చిన్న చిన్న మగ్గుల్లో. మునిశేఖర్ ఇంకాస్త పోయబోతే చేయి పట్టుకున్నాను. తొందరపడి ఎక్కువ పోసినందుకు ఒకసారి నా బకెట్టే పొగలు కక్కి కరిగింది.

కుప్పమ్మ దూరంగా కూర్చుని చూస్తోంది. "శుక్రవారం పూటా బొట్టు ల్యాకుండానా?"

చివరి పూతలో పసుపు రంగు పేస్టు కాస్త కలిపి, ముక్కు మీద రూపాయంత బొట్టు పెట్టినాను. ఆమె ఆరిందాకా ఆగి, గోటితో గీకి చూసింది.

"కడిగినా పోదా?"

"పోదు."

"అయితే ఈ నూనె ఏం జేసేది?"

"నీ మోకాళ్లకు పూసుకోమ్మా. వాటికి అతుకులు లేవు కదా."

ఆమె నవ్వింది. అతుకు బాగా గట్టిపడేదాకా చూద్దామని శనివారమంతా ఆడనే ఉండిపోయినాను. ఆదివారం వేకువన పడవ నీళ్లలోకి పోయింది. పదకొండు దాకా ఒడ్డున కాలుకాలిన పిల్లిలా తిరిగినాను. వంతు ముగించుకుని వచ్చినాక మునిశేఖర్ ముక్కు మీద వేలితో టకటకా కొట్టినాడు. గట్టి చప్పుడు. ఎక్కడా డొల్ల లేదు.

"తుడవాలని ఆ పొద్దే నేర్పించి ఉంటే మేస్త్రీ!"

"అది రెండో వారం పాఠంరా. నువ్వు ఒకటో వారమే పారిపోయినావు."

రెండున్నరకు తిరుపతి బస్సు. కుప్పమ్మ ఇచ్చిన ఎండురొయ్యల పొట్లం సంచిలో ఉంది. పక్క సీటాయన ముక్కు మూసుకుని ఏంది ఆ వాసన అన్నాడు. నేను కిటికీ తెరిచి, శ్రీ సిటీ గేటు దగ్గర ఎక్కేవాళ్లలో ఆ తుడిచే ఆమె ఉందేమోనని చూసినాను. లేదు. ఉంటే సగం రొయ్యలు ఆమెకు ఇచ్చేవాణ్ణి. నలభై ఏళ్లు నేను తుడవడాన్ని రెండో వారానికి తోసినాను. ఇంక నా దగ్గరికి ఎవరు వచ్చినా, మొదటి రోజే గుడ్డ చేతికిస్తాను.