గంటకోసారి చెప్పే మనిషి

ఆ సబ్‌స్టేషన్ ఆపరేటరు డ్యూటీలో ఒక్కడే ఉన్నా చొక్కా టక్ చేసుకునే కూర్చుంటాడు. లైట్‌హౌసుల్లో, రైల్వే గేట్ల దగ్గర బతికేవాళ్లకి కూడా ఈ అలవాటుంటుంది, ఎవరి కోసమో మరి. పద్దెనిమిదేళ్లుగా గంటగంటకీ మీటర్లో వోల్టేజీ ఎన్ని కిలోవోల్టులో చూసి పై సబ్‌స్టేషన్‌కి ఫోన్లో చెప్పేవాడు. ఒక్క అంకె తప్పు పోలేదు. అవతలి ఆపరేటరు మొహం ఎన్నడూ చూడలేదు, అయినా ఒకరినొకరు బావగారూ అని పిలుచుకునేవారు. పక్కనే సోలార్ ప్లాంటు వచ్చింది. ఎండని బట్టి నిమిషానికోసారి మారే కరెంటుకి గంటకోసారి చెప్పే మనిషి చాలడని, అంకెలు వాటంతటవే వెళ్లే ఏర్పాటు చేశారు. ఇక ఫోను అక్కర్లేదన్నారు. నాలుగు రోజులు ఓర్చుకుని, ఐదో రోజు పదకొండింటికి తనే ఫోను చేశాడు.

"ఏం బావగారూ, లైను పోయిందా?"

"అబ్బే, లేదు. నూట ముప్పై నాలుగు."

"ఇక్కడ తెరమీద నూట ముప్పై ఒకటి ఉందే. మీ లెక్క తప్పడమేంటి, కళ్లజోడు అత్తగారింట్లో మర్చిపోయారా? మళ్లీ ఒకసారి చూడండి."

"ఉండండి, చూస్తాను," అన్నాడు.

మీటరు ఎదురుగానే ఉంది, నూట ముప్పై ఒకటే. అతను లేవలేదు. రిసీవరు చెవికి ఆనించుకుని, అవతల ఫ్యాను తిరిగే చప్పుడూ, ఆ మనిషి గొంతు సవరించుకోవడమూ వింటూ కూర్చున్నాడు.