చీపురు తగిలిన డబ్బా

జూలూరుపాడు అవతల, అడవి అంచున ఉన్న ఆశ్రమ పాఠశాలలో చాంది పద్దెనిమిదేళ్లుగా స్వీపరు. తాను తుడిచిన వరండా ఆరకముందే ఎవరైనా అడుగుపెడితే, పెద్దసారైనా సరే, ఊరుకునేది కాదు.

ఫిబ్రవరిలో టీవీలో వింటర్ ఒలింపిక్స్ చూసిన పీఈటీ దస్రు సార్‌కు, మంచు మీద బరువైన రాళ్లు జారవిడిచే కర్లింగ్ ఆట పిచ్చి పట్టింది. మంచు లేదు కనుక నాపరాళ్ల వరండాలో సబ్బునీళ్లు పోయించాడు. ఆటరాళ్లకు బదులు ఇసుక నింపిన పెయింటు డబ్బాలు. అవతలి కొసన సుద్దతో గుండ్రాలు గీశాడు. డబ్బాను జారవిడవాలి, నడిచుక్కకు దగ్గరగా ఆగిన జట్టుకే ఆ రౌండులో పాయింట్లు. దాని ముందు నేలను చీపురుతో రుద్దితే ఇంకాస్త దూరం పోతుంది.

"చీపురైనా కాలైనా డబ్బాకు తగిలితే, ఆ డబ్బా తీసెయ్యాలె. తగిలించినోళ్లే చెప్పాలె," అన్నాడు దస్రు.

ఆదివారం సార్లకూ వంటింటివాళ్లకూ పోటీ పెట్టారు. వంటింటి జట్టుకు చాందే కెప్టెన్. ఇంకో రెండు రౌండ్లున్నాయనగా రెండు జట్ల పాయింట్లూ సమానం. ఆఖరికి ముందు రౌండులో చివరి డబ్బా చాందిది. ఒక పాయింటు ఖాయమనుకుంటుంటే, ఆమె కావాలనే గుండ్రంలోని సార్ల డబ్బాతో పాటు తనదీ బయటికి పోయేలా విసిరింది.

"వచ్చే పాయింటు నూకేసినవేందే?" అంది వంటమనిషి యశోద.

"పాయింటు తీసుకుంటే వచ్చే రౌండుల ఆఖరి డబ్బా వాళ్లకు పోతదక్కా. ఎవ్వరికీ రాకుంటే మనకే ఉంటది."

యశోదకు అర్థం కాలేదు. అయినా మొగుడి మాటకు కూడా ఎన్నడూ ఊపనంత గట్టిగా తలూపింది.

ఆఖరి రౌండులో ఆఖరి డబ్బా యశోదే విడిచింది. చాంది వంగి, దాని ముందు వెనక్కి నడుస్తూ రుద్దింది. డబ్బా సరిగ్గా చుక్క మీద ఆగింది. వంటింటివాళ్లు గరిటెలతో గిన్నెలు వాయించారు.

చాంది నడుం పట్టుకుని లేచింది. "నా చీపురు తగిలింది. తీసెయ్యుండ్రి."

"ఎవరు చూసిండ్రే?" అంది యశోద.

"నేను చూసిన."

డబ్బా తీసేశారు. చుక్కకు దగ్గరగా సార్ల డబ్బానే మిగిలింది. సార్లు ఒక్క పాయింటుతో గెలిచారు. ఆ పూట చాంది పళ్లెంలో పడిన సాంబారులో ఒక్క ముక్క లేదు.

మర్నాడు పొద్దున్నే పెద్దసారు వెంకటప్పయ్య వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి గొంతు సవరించుకున్నాడు.

"రెండో రౌండులో నా కాలు డబ్బాకి తగిలింది చాందీ. నువ్వు చెప్పినప్పటినుంచీ నాకు ముద్ద దిగట్లేదు."

"అయితే గెలిచింది మేమే," అంది యశోద.

"ఆట అయిపోయినంక చెల్లదక్కా," అంది చాంది. "సారూ, మీరు గీ ముచ్చట పిల్లలకు చెప్పుండ్రి, చాలు."

ప్రార్థన సమయంలో పెద్దసారు మైకు ముందు నిలబడి, తన కాలు తగిలిన సంగతి పూసగుచ్చినట్టు చెప్పాడు. మైకు సగం మాటలు మింగేసింది. సారుకేదో బహుమతి వచ్చిందనుకుని పిల్లలందరూ చప్పట్లు కొట్టారు.