లైను చివరి మోటారు

రాజోలిలో కాలిన మోటార్లకు మళ్లీ తీగ చుట్టి నడిపించేది సాంసనే. ఇరవై రెండేళ్లుగా అదే పని. మోటారు విప్పి లోపల తీగ మాడిన తీరు చూస్తే చాలు, ఎందుకు కాలిందో చెప్పేస్తాడు. అట్లాంటి మనిషి, భార్య హెప్సిబా కౌలుకు చేస్తున్న రెండెకరాల పల్లి చేనులో మోటారును మాత్రం కాపాడుకోలేకపోయాడు.

ఆ చేను కరెంటు లైనుకు చిట్టచివర ఉంది. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద పదకొండు బోర్లు. అన్నీ నడుస్తుంటే, నాలుగు వందలు దాటాల్సిన వోల్టేజి అక్కడికి వచ్చేసరికి మూడు వందల ఇరవైకి పడిపోయేది. మోటారు మూలిగేది, నీళ్లు సన్నగా జారేవి. ఆ యాసంగిలోనే రెండుసార్లు కాలింది.

కారణం సాంసన్‌కు తెలుసు. ఎవరి మోటారుకూ కెపాసిటర్ లేదు. పవర్ ఫ్యాక్టర్ తక్కువైందంటారు చదువుకున్నవాళ్లు. తన మోటారుకు బిగించి చూశాడు. ఒక్కదానితో నాలుగైదు వోల్టులకు మించి పెరగలేదు.

జనవరిలో ఒక ఆదివారం, ప్రార్థన అయినంక, పొలాల మీద పడ్డాడు. లైను మొదట్లో బోరున్న అనంతయ్య పక్కన గట్టు మీద కూర్చున్నాడు.

"అన్నా, మోటారు రెండు తీర్ల కరెంటు గుంజుతది. ఒకటి నీళ్లు తోడుతది. ఇంకోటి ఊకె వచ్చి పోతుంటది. కానీ తీగ రెండింటినీ మొయ్యాలె, ట్రాన్స్‌ఫార్మర్ రెండింటికీ కాగాలె. కెపాసిటర్ పెడితే గా రెండోది మోటారు కాడనే దొరుకుతది. లైను మీద బరువు తగ్గుతది."

"నా మోటారు మంచిగనే పోస్తుంది గద సాంసనూ. గా కెపాసిటర్ పేలుతదంటరు. నాకెందుకు పరేషాన్?"

"పేలదన్నా. నేనే బిగిస్త."

"చూద్దాం తియ్."

పది మంది బోర్లోళ్లలో కురుమూర్తి ఒక్కడే పెట్టించుకున్నాడు. మిగిలినవాళ్లు, అందరూ పెడితే తామూ పెడతామన్నారు. లైన్‌మన్ దశరథాన్ని అడిగితే, "నేను చెప్పీ చెప్పీ ఊకున్న" అన్నాడు.

ఫిబ్రవరిలో ఎండ ముదిరింది. పల్లికి ఊడలు మట్టిలోకి దిగి కాయ కట్టే అదను, తడి తప్పకూడదు. అందరి మోటార్లూ పొద్దంతా ఆగకుండా నడిచాయి. ఒక మధ్యాహ్నం ట్రాన్స్‌ఫార్మర్ నుంచి నూనె కారింది, పొగ లేచింది, ఢబ్బుమని కాలిపోయింది. దాన్ని దించి రిపేరుకు పంపితే, ముందు వరుసలో చాలా ఉన్నాయన్నారు.

హెప్సిబా కుంట నుంచి బిందెలతో నీళ్లు మోసి రెండు సాళ్లు తడిపింది. మూడో సాలుకు వచ్చేసరికి మొదటిది ఎండిపోయింది. బిందె పక్కన పెట్టి అక్కడే కూలబడింది.

"ఊరందరి మోటార్లు బాగుజేస్తవ్. దీన్కేం జెయ్యరాదా?" అంది.

సాంసన్ ఆ బిందె తీసుకుని కుంట దిక్కు నడిచాడు.

పదకొండో రోజు ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. కరెంటు ఇయ్యంగనే పది మోటార్లు ఒక్కసారే లేచాయి. హెప్సిబా స్టార్టర్ మీద చెయ్యి వేసింది. సాంసన్ మీటరు పెట్టి చూశాడు. మూడు వందల పది.

"ఆగు. ఇప్పుడేస్తే మల్ల కాల్తది."

"మరి ఎప్పుడెయ్యాలె?"

"వాళ్లవి జర బందయినంక."

పొద్దుగూకే దాకా ఇద్దరూ చేనులోనే కూర్చున్నారు. ఎవరిదీ బంద్ కాలేదు. అందరి చేలూ పది రోజులుగా ఎండుతున్నవే, ఎవర్ని ఏమనాలి?

పంట కోతకొచ్చి చెట్లు పీకితే, సగానికి పైగా గింజ లేని లొట్టకాయలే. వానకాలానికి ఆ చేను వదిలేశారు. హెప్సిబా ఇప్పుడు వడ్డేపల్లి దిక్కు పత్తి చేలల్లో కలుపు కూలికి పోతోంది.