చింతపండుతో తోమిన రాళ్ళు

శేషగిరి మాస్టారు పరమపదించారన్న వార్తను పేపరులో నేనే చదివాను. కూడబలుక్కుని చదివి, తప్పు చదివానేమోనని మళ్ళీ మొదలుపెట్టాను. తప్పు చదవలేదు. మల్కాపురం బస్టాపులో ఆ పేపరు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. రెండు బస్సులు వెళ్ళిపోయాయి. నాకు చదవడం నేర్పింది ఆయనే.

ఆయన కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పేవారు. ఆయన రాళ్ళగది ఊడ్చే పనికి చేరేటప్పటికి నాకు నలభై దాటాయి, సంతకం కూడా రాదు. చేరిన వారంలోనే ఘోరమైన పొరపాటు చేశాను. బల్లమీద పన్నెండు నల్లరాళ్ళు, వాటిలో పసుపుపచ్చని మెరుపు చారలు. సముద్రపు గాలికి తుప్పుపట్టి ఉన్నాయి. మాసిన ఇత్తడి సామానును తోమినట్టే, చింతపండు పెట్టి పీచుతో గట్టిగా తోమేశాను. కుళ్ళిన గుడ్డు వాసన వచ్చింది. ఆ వాసనకే మాస్టారు పక్కగదిలోంచి వచ్చారు.

"ఏటి చేశావు నూకాలమ్మా?"

"మకిలి పట్టీసినాయి బాబూ, తోమీసినాను. తెల్లమచ్చలు కూడా పోనాయి, సూడండి."

ఆ తెల్లమచ్చలు ఆయన పెయింటుతో వేసుకున్న నంబర్లు. ఏ రాయి ఏ కొండదో చెప్పేవి అవే. ఆయన కుర్చీలో కూలబడ్డారు. నా పని పోయిందనే అనుకున్నాను. కాసేపటికి, "చేపకి పొలుసు తీసినట్టు తీసేశావు గదమ్మా" అని నవ్వారు. పైవాళ్ళు అడిగితే మాత్రం, నంబర్లు గట్టిగా వేయనిది తానేనని చెప్పారు.

ఆ తర్వాత ఏ రాయి ఏ కొండదో మళ్ళీ పోల్చుకోవడానికి, రోజూ మధ్యాహ్నం ఆయన తన నోటుబుక్కులో రాసుకున్న గుర్తులు చదివేవారు. నేను ఒక్కో రాయిని చేతబట్టి బరువు చెప్పేదాన్ని, అయస్కాంతం ఆనించి చూసేదాన్ని. అవన్నీ యుగాల కిందట సముద్రం అడుగున పేరుకున్న బురద అట. అందులో ఇనుము, గంధకం కలిసి బంగారు రంగు ఖనిజం ఏర్పడింది. భూగర్భంలోని వేడికీ ఒత్తిడికీ బురద గట్టిరాయిగా రూపాంతరం చెందింది. ఆ ఖనిజం కూడా మరీ కాలినచోట కొంత గంధకాన్ని వదులుకుని, కంచు రంగుకు మారి, అయస్కాంతానికి అంటుకునే గుణం తెచ్చుకుంది.

"ఎంత కాలిందో రాయే చెబుతుంది నూకాలమ్మా. ఎక్కడ దొరికిందో మాత్రం మనం రాసుకోవాలి" అనేవారు.

పది రాళ్ళు ఏ కొండవో తేలాయి. రెండు మిగిలాయి. ఒకే నలుపు, ఒకే బరువు. రెండూ అయస్కాంతానికి ఒకేలా అంటుకున్నాయి.

"ఏదో ఒకటి రాసీండి బాబూ. ఎవులికి తెలుస్తాది?"

"నీకూ నాకూ తెలుసు గదా."

ఆ రాళ్ళమీద చేస్తున్న పరిశోధనను ఆ రెండూ లేకుండానే ముగించారు. దానివల్ల తాను ఎంతో కాలంగా అనుకుంటున్న ఒక ముఖ్యమైన సంగతి రుజువు చేయలేకపోయారు. నన్ను పల్లెత్తు మాట అనలేదు. తేలిన పది రాళ్ళకూ నంబర్లు నాచేతే వేయించారు. నా చదువు అక్కడ మొదలై, అంకెల నుంచి అక్షరాల్లోకి నడిచింది.

మొన్న ఆయన గది సర్దుతున్న కొత్త లెక్చరరమ్మ ఆ రెండు రాళ్ళూ చూపించింది.

"వీటికి నంబర్లు లేవు పెద్దమ్మా. పారేద్దామా? నీకు గుర్తుంటే చెప్పు, ఏదో ఒకటి రాసేస్తాను."

నేను చీటీ, పెన్ను అడిగి తీసుకున్నాను. "ఈ రెంటిలో ఏది ఏ కొండదో తెలియదు. నంబర్లు చెరిపింది నూకాలమ్మ" అని రాశాను.

అంతటి విద్వత్తు, అంతటి ఓర్పు ఒకే మనిషిలో మళ్ళీ చూస్తానని అనుకోను. అక్షరం తప్పితే దిద్దడానికి ఇక ఆయన లేరు. అందుకని రెండుసార్లు చదువుకుని చీటీ అంటించాను.