గెడ్డ పక్క గదిలో కామిక్కుల పెట్టెలు

కరోనా తగ్గి, షాపులన్నీ మళ్లీ మామూలుగా తెరుచుకున్న మరుసటి ఏడాది. విశాఖపట్నం ద్వారకానగర్‌లో మాకొక పుస్తకాల షాపు ఉంది. కింద పోటీ పరీక్షల గైడ్లు, మెట్లెక్కితే పైన ఒక చిన్న గది నిండా కామిక్కులు. మాకు అన్నం పెట్టేవి గైడ్లే. కామిక్కులు నా ఇష్టం కొద్దీ పెట్టుకున్నవి. బయటి దేశాల నుంచి బొమ్మల పుస్తకాలు తెప్పించి అమ్ముతానంటే మొదట్లో నన్ను చూసి నవ్వినవాళ్లే ఎక్కువ. ఆ ఏడాది మాత్రం రోజూ ఎవరో ఒకరు ఫోన్ చేసి, "మేడమ్, కొత్తగా ఏ ఫస్ట్ ఇష్యూ వస్తోంది?" అని అడిగేవారు.

వాళ్లు అడిగేది చదవడానికి కాదు. కొత్త కథ మొదలయ్యే తొలి సంచికను ఫస్ట్ ఇష్యూ అంటారు. అదే సంచికను ఇంకో బొమ్మతో తక్కువ కాపీలు వేస్తే అది వేరియంట్ కవర్. రేపు ఆ కథ సినిమాగా వస్తే ఈ కాపీలకు విపరీతమైన ధర పలుకుతుందని ఫోన్లలో వీడియోలు వచ్చేవి. దాంతో ఒకే పుస్తకాన్ని పదుల కొద్దీ కొని, వేలు కూడా పెట్టకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచేవాళ్లు బయలుదేరారు. మా వ్యాపారంలో వాళ్లను స్పెక్యులేటర్లు అంటారు. మంచి ధర వస్తే అమ్మేస్తారు. రాకపోతే ఇంకా ఎదురుచూస్తారు.

గోవింద్ అలా వచ్చినవాడే. సొంతూరు పద్మనాభం దగ్గర పల్లె. స్టీల్ ప్లాంటులో ఎలక్ట్రీషియన్. భార్య ఈశ్వరితో ఉక్కునగరం క్వార్టర్స్‌లో ఉండేవాడు. నలభై దాటిన మనిషి, నెమ్మదిగా మాట్లాడేవాడు. కామిక్కును రెండు అరచేతుల మీద పెట్టుకుని, పసిపిల్లను ఎత్తుకున్నట్టు పట్టుకునేవాడు. అంచు మీద చిన్న మడత కనిపిస్తే చాలు, పక్కన పెట్టేసేవాడు.

ఒకసారి ఒకే ఫస్ట్ ఇష్యూ పెట్టెడు కావాలన్నాడు. నేను ఉన్నమాట చెప్పాను. "గోవింద్ గారూ, పాత కామిక్కులకు ధర ఎందుకొచ్చిందో తెలుసా? పిల్లలు చదివి చింపేశారు, పెద్దవాళ్లు పాత పేపర్లలో కలిపి అమ్మేశారు. మిగిలినవి కొన్నే. ఇప్పుడు మీలాగా అందరూ దాస్తుంటే రేపు ఇది ఎవరి దగ్గర లేదని మీ దగ్గరకొస్తారు?"

ఆయన నవ్వాడు. "మీరు అమ్మేవోరు. కొనొద్దంతారేటి మేడమ్?"

నేను ఇవ్వననే సరికి ఇంకెవరి దగ్గరో తెప్పించుకున్నాడు. అయినా మా షాపుకు రావడం మానలేదు. వాటిని ఎలా భద్రం చేయాలో చూపించమని ఒకరోజు నన్ను తన స్టాకు ఉన్న చోటికి తీసుకెళ్లాడు. క్వార్టర్స్‌లో పెట్టి ఉంటాడనుకున్నాను. కాదు. గాజువాక దాటాక, ఊరి వాననీళ్లు సముద్రంలోకి పోయే గెడ్డను ఆనుకుని ఉన్న ఒక కాలనీలో, మూసి ఉన్న ఇంటి కింది గది అద్దెకు తీసుకున్నాడు. గోడ పొడవునా ఇనుప ర్యాకులు, వాటి నిండా అట్టపెట్టెలు. మా ఊరి సముద్రపు గాలికి కాగితం ఉబ్బుతుంది, మచ్చలు పడతాయి. అందుకని గాలిలో తేమ లాగే మిషను ఒకటి పెట్టాడు. కరెంటు పోయినా అది ఆగకూడదని బయట డాబా మీదికెళ్లే మెట్ల మలుపులో ఇన్వర్టర్ పెట్టి, దాని చుట్టూ ఇనుప జాలీ కట్టి తాళం వేశాడు. ఆ గదిలో కిటికీలు కూడా తెరవడు. లోపల నిలబడితే నాకు ఊపిరాడలేదు.

బయటకొచ్చాక గొంతు తగ్గించి అన్నాడు. "మా ఇంట్లో ఈ గది సంగతి తెలీదు మేడమ్. మీరు సెప్పకండి."

సరేనన్నాను.

ఆ తర్వాత కొన్నాళ్లకు బంగాళాఖాతంలో వాయుగుండం పట్టింది. రెండు రోజులుగా ఒకటే వాన. ఆ మధ్యాహ్నం షాపు ముందు రోడ్డు మీద నీళ్లు నిలిచి, మనిషన్నవాడు రాలేదు. షట్టర్ దించేద్దామని లేస్తుంటే ఫోన్ మోగింది. ఎవరో తెలియని ఆడగొంతు.

"అక్కా, నాను గోవింద్ గారి ఇంటావిణ్ణి, ఈశ్వరిని. బీరువా మీద మీ షాపు సంచీ ఉంతే దాని మీద నంబరు సూసి సేత్తన్నాను. మా ఆయన అక్కడికి గానీ వొచ్చాడేటి?"

"రాలేదమ్మా. ఏమైంది?"

"పొద్దుటి షిఫ్టు అయిపోనాది, వొచ్చెత్తన్నానని ఫోన్ సేసాడు. ఇంకా రానేదు. రింగవుతాంది, ఎత్తట్లేదు. ప్లాంటు కాడ లేడంత. బయమేత్తంది అక్కా."

గెడ్డ పక్కనున్న ఆ గది నా కళ్ల ముందు కనిపించింది. ఆయన నన్ను తీసుకెళ్లిన రోజు గెడ్డలో నీళ్లు గడపకు కాస్త దిగువనే ఉన్నాయి. అదీ ఎండాకాలంలో.

నేను ఇచ్చిన మాట ఆ క్షణంలో గుర్తుకు కూడా రాలేదు. గది సంగతి చెప్పేశాను. ఆమె, "దారి నాకు తెలీదు. మీరొత్తారా?" అంది.

పోలీసులకు ఫోన్ చేస్తే, మనుషులను పంపుతాం గానీ ఆ వైపు రోడ్లన్నీ మునిగాయి, ఆలస్యమవుతుంది అన్నారు. బతిమాలగా ఒక ఆటో అబ్బాయి ఒప్పుకున్నాడు. గాజువాక జంక్షన్‌లో ఈశ్వరి తడిసి ముద్దై నిలబడి ఉంది. చెప్పులు ఎక్కడో నీళ్లలో పోయాయట, ఒట్టి కాళ్లు. ఆటోలో ఎక్కాక నా చెయ్యి పట్టుకుంది. కాలనీ వచ్చేదాకా వదల్లేదు.

సందు మొదట్లోనే ఆటో ఆగిపోయింది. అక్కడి నుంచి నడక. మొదట పాదాలు మునిగాయి, తర్వాత పిక్కలు. నీళ్లు బురదరంగులో తిరుగుతున్నాయి. కింది ఇళ్లవాళ్లంతా పైకి చేరారు. ప్రమాదమని కాలనీకంతా కరెంటు తీసేశారు. సాయంత్రం కాకుండానే మబ్బుకు చీకటి పడ్డట్టుంది. ఆ చీకట్లో, సందు చివర ఒక్క కిటికీలో మాత్రం లైటు వెలుగుతోంది.

"ఉన్నాడు!" అని ఈశ్వరి నా చెయ్యి విడిపించుకుని ముందుకు దూకింది.

నాకూ ముందు సంతోషమే వేసింది. మరుక్షణం ఉన్నచోటే ఆగిపోయాను. కాలనీ అంతా కరెంటు లేనప్పుడు ఆ లైటెలా వెలుగుతోంది?

అప్పుడే లోపలి నుంచి అరుపు వినిపించింది. "రాకు! ఈశ్వరీ, గేటు కాడికి రాకు! నీళ్లలో కరెంటుంది!"

ఆమె అప్పటికే గేటు దగ్గరకు చేరింది. ఒక్కసారిగా "అమ్మా!" అని కాలు వెనక్కి లాక్కుంది. నేను జాకెట్టు పట్టుకుని ఆమెను లాగాను. ఇద్దరం నీళ్లలో వెనక్కి పడ్డాం. ఆమె లేచి కాలు తడుముకుంది. "కాలు జివ్వుమన్నాది అక్కా," అంది.

దూరం నుంచే ఏమైందని అరిచి అడిగాను. వాన హోరులో ఆయన ముక్కలు ముక్కలుగా చెప్పాడు. కింది వరస పెట్టెలు పైకి చేర్చుదామని వచ్చాడు. చూస్తుండగానే నీళ్లు లోపలికొచ్చాయి. బరువుకి ఒక ర్యాకు ఒరిగి తలుపుకు అడ్డంగా పడింది. దాంతోపాటు ఎక్స్‌టెన్షన్ బోర్డు నీళ్లలో పడింది. కాలికి షాకు తగలగానే బల్ల మీది నుంచి అటక ఎక్కేశాడు, ఫోన్ అవతలి ర్యాకు మీద ఉండిపోయింది. స్విచ్చుల బోర్డు అవతలి గోడకుంది. ఇన్వర్టర్ బయట, మెట్ల మీద ఉంది. జాలీ తాళంచెవి ఆయన జేబులో ఉంది.

"నీళ్లు పెరుగుతన్నాయా?" అని ఈశ్వరి అరిచింది.

లోపలి నుంచి జవాబొచ్చింది. "బల్ల మునిగిపోనాది."

పక్కింటి డాబా మీద నుంచి ఒక ముసలామె పిలిచింది. పేరు పోలమ్మ, ఎండుచేపలు అమ్ముతుందని తర్వాత తెలిసింది. "ఓలమ్మా, ఆ నీళ్లలో ఉండకండి! ఇటు ఎనక నుంచి రండి. మా డాబా మీద నుంచి ఆలింటి మెట్ల మీదకి దిగొచ్చు."

పోలమ్మ ఇంటి వెనక నేల కాస్త ఎత్తు. మెట్లెక్కి డాబా మీదికి చేరాం. రెండు డాబాల మధ్య ఒక మనిషి దూరేంత సందు. కింద నీళ్లు సుడి తిరుగుతున్నాయి. పిట్టగోడ మీద కూర్చుని కాళ్లు అవతలికి చాచాలి. ఈశ్వరి చీర దోపుకుని దాటేసింది. నేను ఆమె భుజం పట్టుకుని ఎలా దాటానో నాకిప్పటికీ తెలియదు.

మెట్లు దిగి మలుపు దగ్గరికొచ్చాం. ఇన్వర్టర్ మీద పచ్చలైటు ప్రశాంతంగా వెలుగుతోంది. నీళ్లు దానికి కొన్ని మెట్ల దిగువ వరకూ వచ్చేశాయి. మేం నిలబడ్డ మెట్టు తడి. గోడ తడి. మేమూ తడి.

తాళంచెవి కూడా దూరకుండా ఇనుప వల బిగించిన వెంటిలేటర్‌లోంచి గోవింద్ గొంతు దగ్గరగా వినిపించింది. "ఈశ్వరీ, జాలీ ముట్టుకోకు. ఎండిన కర్రుండాల. కాళ్లకి రబ్బరు సెప్పులుండాల. తాళాన్ని రాయితో కొట్టు, సెయ్యి ఇనుముకి తగలనీకు."

పోలమ్మ డాబా మీద నుంచి తన రబ్బరు చెప్పులు, ఒక పొడిగుడ్డ, వంటింటి పొత్రం, పప్పుగుత్తి అందించింది. ఈశ్వరి చేతులు తుడుచుకుంది. పొత్రానికి గుడ్డ చుట్టి తాళం మీద కొట్టింది. జారింది. మళ్లీ కొట్టింది. ప్రతి దెబ్బకూ నేను కళ్లు మూసుకున్నాను. తాళం తెగి పడ్డాక పప్పుగుత్తి కాడతో జాలీ తలుపు నెమ్మదిగా తోసింది.

"ముందర ఎర్ర బటనుంటాది. నొక్కి పట్టు. లైటు ఆరేదాకా వొదలకు."

ఆమె కాడ ఆనించింది. అది బటన్ మీంచి జారిపోయింది. రెండో చేత్తో మణికట్టు పట్టుకుని మళ్లీ నొక్కింది. పచ్చలైటు పోయింది. కిటికీలో వెలుగు కూడా ఆరిపోయింది.

అంతా చీకటి. లోపలి నుంచి మాట లేదు.

"ఏటి, పలకవేటి?" అంది ఈశ్వరి. ఆ గొంతు నేనింతవరకూ మరచిపోలేదు.

"ఉన్నాను," అన్నాడు. "దిగతన్నాను."

ఒక మనిషి నీళ్లలోకి దిగిన చప్పుడు వినిపించింది. కరెంటు పూర్తిగా పోయిందో లేదో ఆయన కాలు పెడితే తప్ప ఎవరికీ తెలియదు. తర్వాత నీళ్లు కదిలిన శబ్దం, ర్యాకు రాసుకున్న శబ్దం, ఆయన రొప్పు. తలుపు జానెడు తెరుచుకుంది. నానిన అట్టపెట్టెలు అడ్డుపడి ఇంకా రాలేదు. అప్పుడు ఈశ్వరి మెట్లు దిగి నడుము లోతు నీళ్లలోకి వెళ్లింది. నేనూ వెళ్లాను. ముగ్గురం లాగి, తోసి ఆయన్ని బయటకు తెచ్చాం. ఆయనతో పాటు పుస్తకాలూ బయటకొచ్చాయి. ప్లాస్టిక్ కవర్లలోకి బురదనీళ్లు చేరి, రంగులు కారి, మా చుట్టూ తేలుతూ గేటు దాటి గెడ్డవైపు పోయాయి. ఆయన ఒక్కదాన్నీ పట్టుకోలేదు.

పోలమ్మ ఇంట్లో పై గదిలో దుప్పట్లు కప్పుకుని కూర్చున్నాం. ఆమె వేడివేడి టీ ఇచ్చింది. గోవింద్ గ్లాసు పట్టుకోలేకపోయాడు. ఈశ్వరే పట్టుకుని తాగించింది.

ఊరడించాలనిపించి, "మళ్లీ కొనుక్కోవచ్చులెండి, మీరు బతికారు," అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "వోటిని ఎవుడూ కొనడు మేడమ్. నాకెప్పుడో తెలుసు. అట్ట మీది ధరకే అమ్మకానికి పెట్టి సూసాను, ఒక్కడూ అడగనేదు."

నేనడిగాను: "మరి ఎందుకెళ్లారు?"

"పెట్టెలు మూసున్నంత కాలం పోయినట్టు కాదు కదా. ఎవులికీ సెప్పక్కర్నేదు. తడిసిపోతే అయిపోనాదే అనుకుని, ఆలోచించకుండా లోపలికి ఎల్లిపోనాను."

ఈశ్వరి తిడుతుందనుకున్నాను. ఎంత పోసి కొన్నావని అడుగుతుందనుకున్నాను. ఆమె తన కొంగుతో ఆయన తల తుడుస్తూ, "ఎప్పుట్నించి బయపడతన్నావు?" అని అడిగింది.

గోవింద్ ఆమె కొంగు అంచు పట్టుకున్నాడు. "తొలి పెట్టె కొన్న కాడ్నించీ," అన్నాడు. అని భార్య భుజం మీద తల పెట్టుకుని, మేమంతా ఉండగానే ఏడ్చాడు.

ఆయన మళ్లీ మా షాపుకు రాలేదు. ప్లాంటు ఉద్యోగం చేసుకుంటున్నాడని, ఆ కాలనీ వైపు వెళ్లడం మానేశాడని ఈశ్వరి ఒకసారి ఫోన్‌లో చెప్పింది. ఇప్పటికీ గట్టి వాన పడితే ఆమె నాకు ఫోన్ చేస్తుంది. పెద్దగా మాటలేమీ ఉండవు. ఆయన ఇంట్లోనే ఉన్నాడని చెప్పి పెట్టేస్తుంది.

ఆ రోజు తర్వాత వ్యాపారం మానలేదు నేను. కామిక్కులు అమ్ముతూనే ఉన్నాను. దాచుకునేవాళ్లందరూ గోవింద్‌లు కారు. ఇష్టంతో దాచేవాళ్లున్నారు, ఆడుతూ పాడుతూ కొని నష్టపోయి నవ్వేసేవాళ్లున్నారు. పుస్తకం ధర పెరుగుతుందో తగ్గుతుందో నేను ఎవరికీ చెప్పలేను. చెప్పినా వినరు. కానీ మనిషి చేతిలో ఉన్నది ఇష్టమో భయమో కనిపెట్టడం ఈ పనిలో భాగమేనని ఆ మెట్ల మీద నిలబడ్డప్పుడు తెలిసింది.

ఇప్పుడెవరైనా ఒకే పుస్తకం పెట్టెడు అడిగితే, బిల్లు రాసే ముందు మామూలుగా అడిగినట్టు ఒక మాట అడుగుతాను: "ఎక్కడ పెడతారండీ ఇవన్నీ?" హాల్లో అల్మరాలో అనో, మా ఆవిడ తిడుతోంది మేడమ్ అనో కొందరు నవ్వుతూ చెబుతారు. వాళ్లకు ఇచ్చేస్తాను. కొందరు మాత్రం ఒక్క క్షణం ఆగి, చుట్టూ చూసి, గొంతు తగ్గిస్తారు.

వాళ్లకు స్టాకు లేదని చెబుతాను.