దూది పట్టిన టేపురికార్డరు

మొన్న మట్టెవాడలో స్కూటరుకు గాలి కొట్టిస్తుంటే, పక్క సందులోని మరమగ్గాల షెడ్డు తలుపు ఎవరో తీశారు. నూలు దుమ్ము ముక్కులోకి పోయి వరసగా నాలుగు తుమ్ములు వచ్చాయి. తుమ్మితే జనం ప్రయాణం ఆపుకుంటారు; నాకు మాత్రం మా గిటారు సార్ గుర్తొచ్చారు. ఆయన పేరు సమ్మయ్య. ఆ షెడ్డు ఆయనదే, ఆయన పోయాక చేతులు మారింది. ఉన్నన్నాళ్లూ పగలంతా అందులో నాలుగు మగ్గాలు నడిపి, సాయంత్రం అవి ఆపాక నాకు గిటారు నేర్పేవారు. అప్పుడు నేను ఇంజనీరింగ్ చదువుతున్నాను, అంటే ఖాళీగా ఉన్నాను.

ఆయన గురువు బ్రెజిల్‌లో ఉండేవాడు. ఆ సంగతి గురువుకు తెలియదు. వయసులో ఉండగా సార్ పాత సామాన్ల అంగట్లో ఒక టేపురికార్డరు కొన్నారు. లోపల ఒక క్యాసెట్టు ఇరుక్కుని ఉంది, ఎంత పీకినా రాలేదు. ఇరవై ఏళ్లు ఆ ఒక్కటే విన్నారు, దాన్ని వింటూనే నేర్చుకున్నారు. దాంతో వచ్చిన డబ్బా మీద ఆ గిటారిస్టు ఫొటో, దేశం పేరు తప్ప ఆ పరాయి భాషలో ఏమీ చదవరాలేదు కాబట్టి, ఆయన జీవితచరిత్ర మొత్తం సారే అల్లుకున్నారు.

"ఆయనది గూడ మగ్గాల ఇల్లే రా శ్రీనూ. బొటనవేలు సూడు, మగ్గం తొక్కినట్టు పడ్తది. మిగిలిన వేళ్లు నూలు మోసే నాడె లెక్క అటిటు ఉర్కుతయి. పాటలు గూడ సొంతంగ కట్టుకున్నడు. పెండ్లే జర లేటయింది."

"పెండ్లి సంగతి ఎట్ల తెలిసింది సార్?"

"ఆ మొకం సూస్తె తెల్వదా?"

సార్ కూడా పాటలు కట్టారు. నూలు రంగుల మీద, ములుగు బస్సు మీద, భార్య కోపం మీద. అన్నీ ఆ క్యాసెట్టు నడకలోనే, ఎంతో నెమ్మదిగా. పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో రెండు నెలలు సినిమా పాటలు వాయించారు, అవీ అదే నడకలో. "అన్నా, నీ పాట అయిపోయేటాళ్లకు పెండ్లిపిల్లకు కొడుకు పుడ్తడు" అని వాళ్లు పంపేశారు.

చివరికి మా కాలేజీ వార్షికోత్సవంలో ఆయన పాటకు నేను చోటు ఇప్పించాను. సొంత పాటను జనం ముందు పాడడం ఆయనకు అదే మొదటిసారి. సరిగ్గా వారం ముందు నేనొక ఘనకార్యం చేశాను. డబ్బా మీది అక్షరాలు కొట్టి, ఆ బ్రెజిల్ పాటలను ఫోనులో వెతికి పట్టుకుని సార్‌కు వినిపించాను. అవి గుర్రాల్లా పరుగెత్తుతున్నాయి. టేపురికార్డరు మూత విప్పి చూపించాను. షెడ్డులోని దూదంతా చక్రాలకు చుట్టుకుని ఉంది. పాపం, అది ఇన్నేళ్లూ ఈడ్చుకుంటూ తిరిగింది. నేను పగలబడి నవ్వాను.

సార్ ఆ పాట మొత్తం విన్నారు. "గీయనకు గింత తొందరేంది? బస్సు పోతాందా?" అన్నారు. చక్రాలకు చుట్టుకున్న దూదిని వేలితో లాగి, "అంటే నేను ఇన్నేండ్లు తప్పు నేర్సుకున్ననా?" అని అడిగారు. నేను ఫోను జేబులో పెట్టేసుకున్నాను.

మూడు రోజులు నాకు పాఠం లేదు. "జర పనుంది, పోరా" అనేవారు. నాలుగో రోజు గుమ్మంలోనే ఆయన భార్య నన్ను పట్టుకుంది. "ఏం సెప్పినవ్ బిడ్డా ఆయనకు? పాటను ఉర్కిస్తాండు. మాటలు ఊడిపోతానయ్." ఆ గిటారిస్టు పెళ్లి సంగతి కూడా ఫోనులో దొరికేదేమో. నేను వెతకలేదు.

వార్షికోత్సవం రోజు సార్ వేగంగానే మొదలుపెట్టారు. రెండో చరణంలో వేళ్లు తడబడ్డాయి, మాట మింగేశారు. వెనక బెంచీల నుంచి ఈలలు. సార్ ఆపేశారు. ఫోనులోని పాట శ్రుతికి బిగించుకున్న తీగలు మళ్లీ వదులు చేసి, మైకు దగ్గరకు లాక్కున్నారు.

"జర ఆగుండ్రి. ఇది నా పాట. దీని నడక నాకెరుక."

మళ్లీ మొదటినుంచి, తన నెమ్మదిలో పాడారు. ఎవరూ లేవలేదు. సమోసాలు వచ్చాయన్న కబురు అందాక కూడా లేవలేదు. మా కాలేజీ గురించి తెలిసినవాళ్లకు ఇది ఎంత పెద్ద మాటో తెలుసు.

తిరిగి వెళ్లేటప్పుడు, "నేను చెప్పకుండా ఉండాల్సింది సార్" అన్నాను.

"సెప్పుడు మంచిదే రా. నవ్వినవ్ సూడు, గదే జర ఎక్కువైంది."

ఇప్పుడు నేను లెక్చరర్‌ని. జవాబు పత్రంలో తప్పు కనబడితే, ఎర్ర పెన్ను పెట్టేముందు ఆ పిల్లవాడు ఎటు పోతున్నాడో చివరిదాకా చదువుతాను. చాలావరకు అది చివరిదాకా తప్పే. మార్కులేమీ పెరగవు. నవ్వను, అంతే.