కార్శి వస్తుందనుకున్న తోట

మా ఇంట్లో చాలాకాలంగా ఒక కథ చలామణిలో ఉంది. మా అమ్మాయి చిన్నప్పుడు ఫోనులో పెంచుకున్న పూలతోటను ఆ ఆట నడిపే కంపెనీవాళ్లు ఒక్క పూటలో చెరిపేశారనీ, అలాంటిదేదో జరుగుతుందని నేను ముందే కనిపెట్టాననీ ఆ కథ. మా అమ్మ చెబుతుంది, మా ఆవిడ చెబుతుంది, చుట్టాలొస్తే నా ఎదుటే చెబుతారు. నేను కాదనను. టీ గ్లాసులోకి చూస్తూ కూర్చుంటాను, లేదా పెరట్లో ఏదో పని గుర్తొచ్చినట్టు లేచిపోతాను. ఆ కంపెనీవాళ్లు ఎవరో, ఏ దేశంలో ఉంటారో నాకు తెలియదు గానీ, పాపం వాళ్లు ఏమీ ఎరగరు. ఆ తోట కోసింది నేను.

మా పిల్ల నాలుగో తరగతి చదివే ఆ కాలంలో, నాకు తెలియని విషయం లోకంలో లేదని నా నమ్మకం. అందుకు కారణం లేకపోలేదు. చోడవరంలో విత్తనాలూ ఎరువులూ అమ్మే కొట్టు నాది. రావికమతం నుంచీ కె.కోటపాడు నుంచీ రైతులు ఎండిపోయిన ఆకొకటి జేబులో పెట్టుకొచ్చి, "బాబూ, దీనికేటయిందో సూడు" అని నా చేతిలో పెడతారు. నేను దాన్ని వెలుతురుకేసి ఎత్తి, కళ్లు చిన్నవి చేసి, గొంతు సవరించుకుని చెబుతాను. ఏళ్ల తరబడి ఎదుటివాళ్లు అలా చేతులు కట్టుకుని వింటే ఎవరికైనా కొంచెం తల తిరుగుతుంది. నాకు కొంచెం ఎక్కువే తిరిగింది.

మా పక్క వాటాలో ఉండే పిల్ల, మా అమ్మాయికి ప్రాణస్నేహితురాలు. ఇద్దరూ ఒకే గొడుగులో బడికి వెళ్లి ఇద్దరూ తడిసి వచ్చే రకం. వాళ్ల నాన్నకు బదిలీ అయి ఆ కుటుంబం ఒడిశాలోని రాయగడ వెళ్లిపోయింది. (అప్పటినుంచి మా ఇంట్లో ఆ పిల్లకు రాయగడ పిల్ల అనే పేరు స్థిరపడింది. పుట్టింది మాత్రం చోడవరంలోనే.) కొన్నాళ్లు మా పిల్ల అన్నం సరిగా తినలేదు. ఆ తరవాత ఒకరోజు కళ్లు మెరిపించుకుంటూ వచ్చింది. ఫోనులో ఒక తోట ఆట ఉందట. ఇద్దరు స్నేహితులు ఎక్కడున్నా ఒకే తోటలో మొక్కలు నాటుకోవచ్చట. ఈమె ఇక్కడినుంచి నీళ్లు పోస్తే ఆమెకు అక్కడ కనిపిస్తుందట. మొదటి నెల ఊరికే ఆడనిస్తారు, ఆ పైన నెలనెలా కట్టాలి.

"నెలనెలానా?" అన్నాను. ఆ మాట విన్నాక నా కాలు దానంతటదే ఊగడం మొదలుపెట్టింది. "కొన్నాక వస్తువు మనదవ్వాలి గానీ, ఇదేటి, అద్దింటిలాగ? నెలనెలా కడతాం, చేతికేటొస్తాది?"

"యూరియా బస్తా పాటి సెయ్యదు కదండీ" అంది మా ఆవిడ. "మన గుంట అడక్క అడక్క అడిగింది."

మా అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ తలెత్తింది. "ఒరే, నువ్వు గంటకింతని అద్దెకిచ్చే సైకిలు కోసం నన్ను పీక్కు తిన్లేదేట్రా? 'సైకిలెక్కి ఎక్కడికెల్తావురా' అని మీ నాన్న అడిగితే ఏటన్నావు?"

నాకు గుర్తుంది. 'ఎక్కడికీ ఎల్లను, తొక్కుతాను' అన్నాను. అయినా పెద్దవాడినయ్యాక ఆ జవాబు నాకు నచ్చలేదు. అందుకని న్యాయమూర్తిలాగా తీర్పు వాయిదా వేశాను. కొట్టులో కొత్త విత్తనం వస్తే ఏం చేస్తాం? పిడికెడు గింజలు తడి గోనెలో చుట్టి, ఎన్ని మొలకెత్తాయో చూసి అప్పుడు అమ్ముతాం. ఆటకూ అదే పరీక్ష. "ఈ నెల్లాళ్లూ నేను కూడా ఆడి సూస్తాను. డబ్బులు పెట్టొచ్చో లేదో అప్పుడు సెప్తాను" అన్నాను. పిల్ల గంతులేసింది. వాళ్లమ్మ ఫోనులో ఆడే తన ఆటనే నా ఫోనులో కూడా తెరిచిపెట్టి, ఎక్కడ నొక్కితే నీళ్లు, ఎక్కడ నొక్కితే ఎరువు అన్నీ నేర్పింది. ఎరువు గురించి నాకు నేర్పిందండీ, నాకు!

మర్నాటినుంచి నా స్థిమితం పోయింది. మొక్కకు దాహం వేస్తే ఫోనులో పిట్ట కిచకిచమంటుంది. తూకం వేస్తుంటే కిచకిచ. అన్నం కలుపుకుంటుంటే కిచకిచ. ఒక రైతు వరికి పట్టిన తెగులు గురించి చెబుతుంటే జేబులో కిచకిచ. ఆయన చుట్టూ చూసి, "కొట్లో పిచికలు దూరేయి బాబూ" అన్నాడు. ఒక చోట కూర్చోలేను, ఒక పని పూర్తి చేయలేను. పరీక్ష చేస్తున్నానని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. నిజానికి బడి వదిలేలోపు అన్ని మొక్కలకూ నేనే నీళ్లు పోసేసేవాణ్ణి. సాయంత్రం పిల్ల వచ్చి ఫోను తెరిచి, "నాన్నా, నాకేటీ మిగల్లేదు" అనేది. అందులో ఫిర్యాదు ఉందని అప్పుడు నాకు తట్టలేదు.

మాడుగుల నుంచి వారానికోసారి సరుకు కోసం వచ్చే రైతొకాయన ఉండేవాడు. వచ్చినప్పుడల్లా హల్వా పొట్లం తెచ్చేవాడు కనుక మేం హల్వా బావ అనేవాళ్లం. ఆయన ఒకసారి నా భుజం మీదనుంచి ఫోనులోకి తొంగిచూసి, "ఏటి బావా, నిలబడి నాట్లేసేస్తన్నావు! కూలోళ్లు దొరకలేదేటి?" అని ఎగతాళి చేశాడు. వారం తిరిగేసరికి, "మన తోటెలాగుంది?" అని అడుగుతూ కొట్టు మెట్లెక్కాడు.

తోట మధ్యలో ఒక పెద్ద మడి ఉండేది. మా పిల్లా రాయగడ పిల్లా మొదటిరోజునుంచీ కలిసి పెంచుతున్నది దాన్నే. నిలువుగా, కణుపులు కణుపులుగా, మనిషెత్తు మొక్కలు. రాయగడ పిల్ల పుట్టినరోజుకు అవి పూస్తాయని, ఆ రోజు ఇద్దరూ వాటిని ఒకేసారి చూడాలని వాళ్ల ఏర్పాటు. మా పిల్ల చెప్పింది కూడా: "నాన్నా, మిగతావి నీ ఇష్టం. ఆ మడి ముట్టుకోకు." నేను తల ఊపాను. కానీ రోజూ చూస్తుంటే నాకు లోపల ఒకటే గుంజాటన. ఒక్కో మొక్కకు ఒక్కటే కాడ. పిలకలే లేవు. ఇదేం పెంపకం?

మా వైపు చెరుకు రైతును ఎవర్నయినా అడగండి. చెరుకు ఒకసారి నాటితే ఒక్క పంటతో పోదు. నరికిన మోడునుంచి పిలకలు లేచి, మళ్లీ నాటకుండానే రెండో పంట వస్తుంది. దాన్నే కార్శి అంటాం. నేల మట్టానికి ఎంత కిందికి నరికితే పిలక అంత బలం. ఈ మొక్కలు చూడబోతే చెరుకు చెల్లెళ్లలా ఉన్నాయి. పుట్టినరోజుకు ఇంకా గడువుంది. ఆ ఆటలో మనకు నెల పట్టేది వాటికి ఒక్కరోజులో అయిపోతుంది. ఇప్పుడు నరికితే పుట్టినరోజు నాటికి ఒక్కో మొదలునుంచి నాలుగైదు కాడలు లేచి, మడి పట్టనంతగా పూలు పూసి, పిల్లలిద్దరూ నోళ్లు తెరుస్తారు. 'ఇది మా నాన్న సేసేడు' అని మా పిల్ల చెప్పుకుంటుంది. ఈ చివరి ముక్క దగ్గరే నేను పడిపోయాను.

కొడవలి బొమ్మ నొక్కాను. 'నిజంగా కోయాలా?' అని ఇంగ్లీషులో ఒక పలక లేచింది. కొడవలి పట్టుకుని పొలంలో దిగినవాణ్ణి మన దగ్గర ఎవరైనా అలా అడుగుతారా? నొక్కాను. మడి మొత్తం ఒక్క ఊపులో కింద పడింది.

హల్వా బావ ఆ రోజు కొట్టులోనే ఉన్నాడు. ఫోను ముఖానికి దగ్గరగా పెట్టుకుని పరిశీలించాడు.

"మొదలంటా కోసేవా?"

"మట్టానికి కోసేను బావా."

"అయితే బెంగలేదు, వస్తాది. ఒక తడి పెట్టు."

పెట్టాను. ఇద్దరం యూరియా బస్తాల మీద కూర్చుని ఆ బోడి మడికేసి చూశాం. మరో తడి పెట్టాం. "ఎరువెయ్యి" అన్నాడు. వేశాను. టీ తెప్పించుకుని తాగాం. ఇద్దరు నలభై దాటిన మగవాళ్లు, ఒకరికి పదెకరాల చెరుకు, ఒకరికి ఊరందరికీ సలహా చెప్పే నోరు, అరచేతంత అద్దంలో పిలక ఎప్పుడు లేస్తుందా అని ఊపిరి బిగబట్టాం. చివరికి ఆయన లేచి తువ్వాలు దులుపుకుని, "విత్తనం మంచిది కాదు బావా" అని తీర్పు చెప్పి బస్సుకు వెళ్లిపోయాడు.

బడి వదిలే వేళయింది. నేను కొట్టులో ఈ చివరినుంచి ఆ చివరికి తిరిగాను. సర్దిన బస్తాలే మళ్లీ సర్దాను. ఇంటికి వెళ్లేసరికి పిల్ల ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. అంతలో రాయగడనుంచి ఫోను.

"మన మడేటే? నువ్వు కోసేసేవేటే?"

"నేను కొయ్యలేదే, ఒట్టు."

"మరెవరు కోసేరు? నేను కొయ్యలేదు. మనిద్దరికే కదే అది!"

మా పిల్ల ఫోను చేతిలో పట్టుకుని నా వైపు చూసింది. అనుమానంతో కాదు, మొక్కకు తెగులొస్తే రైతులు నా వైపు ఎలా చూస్తారో అలా. నాన్నకు తెలిసే ఉంటుందని. ఆ చూపు ముందు నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు. రాకపోతే మూసుకుని ఊరుకోవచ్చు కదా, అదీ చేయలేదు.

"ఆ కంపెనీవోళ్లే సెరిపేసుంటారమ్మా" అన్నాను. "ఊరికే ఆడనిచ్చే నెల అయిపోవస్తంది కదా, డబ్బులు కడితే గానీ తోటివ్వరన్నమాట. ముందే అన్నాను కదా, ఇది మనకొద్దు."

అంత గట్టిగా చెప్పేసరికి ఇల్లంతా నమ్మింది. "నా కొడుకు ముందే పసిగట్టేడు" అంది అమ్మ. మా ఆవిడ కూడా, "నాకు తట్టలేదండీ" అని ఒప్పుకుంది. నాకు ముప్పై ఏళ్లు వచ్చినప్పటినుంచీ మా ఇంట్లో నాకంత మర్యాద దక్కడం అదే మొదలు. పిల్ల ఫోనులో, "మా నాన్న సెప్పేడే, కంపెనీవోళ్లే సేసేరంట" అంది. అటునుంచి, "మిగతా మొక్కలన్నీ ఉన్నాయి కదే, మనదొక్కటే ఎలాగ పోద్ది?" అని వినబడింది. తొమ్మిదేళ్ల పిల్లకు తట్టిన ప్రశ్న మా ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. "అంటే మా నాన్న అబద్ధమాడేడంటావేటే?" అని మా పిల్ల అరిచింది. రాయగడ పిల్ల ఫోను పెట్టేసింది. పుట్టినరోజునాడు మా పిల్ల ఫోను చేస్తే వాళ్లమ్మ ఎత్తి, ఆడుకోవడానికి వెళ్లిందని చెప్పింది. ఆటను నేనే రెండు ఫోన్లలోంచి తీసేశాను. కిచకిచలు ఆగిపోయాయి. నా కాలు ఊపడం మాత్రం ఆగలేదు.

ఆ తరవాత నేను చేసిన మంచిపనులు అన్నీ ఇన్నీ కావు. అడగకుండానే సైకిలు కొన్నాను. పనిగట్టుకుని మాడుగుల వెళ్లి హల్వా తెచ్చాను. "ఏటి నాన్నా, ఇయాల ఏటి పండగ?" అని పిల్ల అడిగితే, "ఊరికేనమ్మా" అని చెప్పులేసుకుని బయటపడేవాణ్ణి. ఇంకో తమాషా, ఆన్‌లైన్ ఆటల విషయంలో మా వీధికంతటికీ నేను పెద్ద దిక్కయ్యాను. "పిల్లడు నెలనెలా కట్టమంటన్నాడు, కట్టొచ్చా?" అని ఎవరైనా అడగడానికొస్తే వెలుతురుకేసి ఫోను ఎత్తి, కళ్లు చిన్నవి చేసి, వద్దని చెప్పేవాణ్ణి.

మొన్నామధ్య మా చెల్లెలు కూతురు సెలవులకు వచ్చింది. ఇప్పుడు మా అమ్మాయి పాలిటెక్నిక్ చదువుతోంది. మేనకోడలు వచ్చీ రాగానే తన ఆటకు డబ్బు కట్టించమని అందర్నీ సతాయించడం మొదలుపెట్టింది. మా అమ్మాయి దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఎంతో ఓపిగ్గా చెప్పింది. "వద్దే. నువ్వు పెంచుకున్నాక వాళ్లు సెరిపేస్తారు. నాకలాగే అయింది. దాని మూలంగా ఒక ఫ్రెండ్ కూడా పోయింది. మావయ్యని అడుగు, అప్పుడే సెప్పేడు." మేనకోడలు నావైపు తిరిగింది. "నిజమేనా మావయ్యా?"

పెరట్లో పనేమైనా గుర్తొస్తుందేమోనని చూశాను. ఏమీ గుర్తు రాలేదు.

చెప్పేశాను. కొడవలి, పలక, హల్వా బావ, ఒక తడి, మరో తడి, అన్నీ. "కార్శి వస్తాదనుకున్నాను" అన్నప్పుడు మా ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మా అమ్మ నా ముఖంలోకే చూసింది. మా అమ్మాయి ముందు పడిపడి నవ్వింది. "పూలమొక్కలకి కార్శేటి నాన్నా!" అంది. ఆ తరవాత నవ్వు ఆగింది. "నీ కోసం దాంతో దెబ్బలాడేను. అది సెప్పిందే నిజం" అంది మెల్లగా. నేను సైకిలు సంగతి ఎత్తబోయాను గానీ, ఆ పూటకైనా నాకు బుద్ధి పనిచేసి ఊరుకున్నాను.

మర్నాడు మా అమ్మాయి ఎవరెవరినో అడిగి రాయగడ పిల్ల నంబరు సంపాదించింది. మోగుతుండగానే ఫోను తెచ్చి నా చేతిలో పెట్టి, ఎదురుగా కూర్చుంది. అటునుంచి, "ఎవరండీ?" అని ఒక పెద్దమ్మాయి గొంతు వినబడింది. ఆ గొంతు నేనెరిగిన పిల్లది కాదు. నా కాలు ఊగుతోంది. మా అమ్మాయి వంగి నా మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది. ఊరందరికీ సలహాలు చెప్పిన గొంతు సవరించుకున్నాను.

"నేనమ్మా, సోడవరం నుంచి, నీ సిన్నప్పటి ఫ్రెండు వాళ్ల నాన్నని. మీ మడి మా పిల్ల కొయ్యలేదమ్మా, కంపెనీవోళ్లూ కొయ్యలేదు. నేనే మొదలంటా కోసేసేను. మళ్లీ లేస్తాదనుకున్నాను. తప్పయిపోయింది తల్లీ."